మరియమ్మ గుడికి కాపలా
దొరల కాలంలో, గిద్దలూరులో నా భార్యకు నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. రైలు తప్పిపోయి కంభం నుంచి ఎద్దులబండిలో బయలుదేరాను. ఎద్దులకు నీళ్లు పెట్టాలని బండివాడు దారిలో మరియమ్మ గుడి దగ్గర ఆపాడు. నేను నిలవలేక అటూ ఇటూ తిరుగుతున్నాను.

మరియమ్మ పాదాలకు పసుపు రాస్తున్న గొర్రెలకాపరి అవ్వ, నా కంగారు చూసి సంగతేమిటని అడిగితే చెప్పాను.

"మీరు కిరస్తానీలా, అవ్వా?"

"కాదు నాయనా. కరువులో మాకు గంజి పోసిన తెల్లసామి కట్టినాడు ఈ గుడి. ఆయన జొరమొచ్చి పోయినాడు. అప్పట్నుంచి మేమే దీపం పెడతాండాం. నీ పెండ్లాం పేరేంది?"

"సుభద్ర."

అవ్వ విగ్రహం వైపు తిరిగింది. "అమ్మా, సుభద్రకు నొప్పులంట. పోయి చూసిరా. నువ్వొచ్చేదాకా గుడికాడ నేనుంటాలే" అని గడపలో కూర్చుంది.

నేను చేరేసరికి ఆడబిడ్డ పుట్టింది. అందరూ నవ్వుతుంటే, అవ్వను ఇక ఇంటికి పొమ్మని ఎవరు చెబుతారా అని నాకు బెంగ పట్టుకుంది.