నూనె తాగిన పెడల్

మా సంఘంలో ప్రార్థన చేయించని వస్తువు వాడకంలోకి రాదు. కొత్త స్కూటర్ షోరూము నుంచి తిన్నగా ఇంటికి పోదు. ముందు సీతాఫల్‌మండిలో మా చర్చి గేటు దగ్గర ఆగుతుంది. మా పాస్టరు అయ్యగారు వచ్చి హెడ్‌లైటు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, చిన్న సీసాలోంచి నూనె తీసి హ్యాండిల్‌కి రాస్తారు. అప్పుడే అది బయల్దేరుతుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు మా ఊరి మీదికి వచ్చిపడ్డ ఏళ్ళలో ఈ వరస మరీ పెరిగింది. ఆదివారం ఆరాధన అయ్యాక వేదిక ముందు ఆఫర్ లెటర్లు, పాస్‌పోర్టులు, కంప్యూటర్లు, అల్వాల్‌లో ఇంకా పునాది కూడా పడని ఫ్లాట్ల నమూనా బొమ్మలు పరిచేవారు. పని లేక కంపెనీ బెంచి మీద ఊరికే కూర్చోబెట్టిన పిల్లల కోసం విడిగా ఒక ప్రార్థన ఉండేది. దాన్ని బెంచి ప్రార్థన అనేవాళ్ళం. ఒకమ్మాయి కొత్త కీబోర్డు నూనె తాగి, ఏ అక్షరం నొక్కినా అదే పదిసార్లు పడేది. ఆశీర్వాదం పొర్లిపారుతోందని వాళ్ళమ్మ సంతోషించింది.

బెంచి ప్రార్థనలో అందరికంటే గట్టిగా ఆమేన్ చెప్పేవాణ్ణి నేనే. ప్రార్థన మీద నాకు అప్పుడూ నమ్మకముంది, ఇప్పుడూ ఉంది. నమ్మకం లేనిది మా మనుషుల మీద, అందులోనూ ముఖ్యంగా నా మీద.

పద్మారావు నగర్‌లో ఒక స్కూల్లో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. చర్చిలో పాటలు పాడే క్వయర్‌లో పన్నెండేళ్ళుగా గిటారు నాదే. వేదిక ఎడమ పక్క, పూలకుండీ వెనక నా చోటు. ఆ చోటు కోసం ఎవరూ పోటీకి రాలేదు కాబట్టి నేను గొప్ప వాయిద్యగాణ్ణని అనుకుంటూ ఉండేవాణ్ణి. అంతలో సింగపూర్‌లో ఆరు నెలలు ఆన్‌సైట్ ఉద్యోగం చేసి మా సంఘంలో ఒక సాఫ్ట్‌వేర్ తమ్ముడు తిరిగొచ్చాడు. వెంట తన గిటారుకు తగిలించే ఒక పెట్టె తెచ్చాడు. హార్మోనియం అంత ఉంటుంది. కాలితో నొక్కితే లైట్లు వెలుగుతాయి, గిటారు శబ్దం మారిపోతుంది. ఒక మీట నొక్కితే లోయలో వాయించినట్టు, ఇంకోటి నొక్కితే నీళ్ళలో వాయించినట్టు.

మొదటి ప్రాక్టీసులోనే నా దగ్గరికి వచ్చి చెప్పాడు. "బ్రదర్, ఏమనుకోకండి. మీ టోన్ మరీ డ్రైగా ఉంది."

ఏమనుకోకండి అన్నాక ఏదో ఒకటి అనుకోక తప్పదు. నేను వారం రోజులు అదే అనుకున్నాను.

క్వయర్‌ని నడిపేది రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. అందరం టీచరమ్మగారు అంటాం. ఏటా గ్రౌండులో జరిగే కన్వెన్షన్ కూటాలకి ఆ ఏడాది ప్రారంభ గీతం ఆవిడే రాసి బాణీ కట్టారు. రెండో చరణం అయ్యాక గొంతులన్నీ ఆగిపోతాయి. ఇరవై సెకన్ల పాటు గిటారు ఒక్కటే మోగాలి. దాన్ని మేం బిట్టు అంటాం.

"ఇద్దరూ నేర్చుకురండి," అన్నారావిడ. "ఎవరు బాగా వాయిస్తే బిట్టు వాళ్ళది. రెండోవారు పక్కన నిలబడి తాళానికి కార్డ్స్ కొట్టుకోండి, ఏడవకుండా."

ఆ ఇరవై సెకన్లు పోతే పూలకుండీ వెనక పన్నెండేళ్ళ చోటు పోయినట్టే. అంత పెట్టె కొనే స్తోమత నాకు లేదు. కొనలేనిదాన్ని ఫిజిక్సు మాస్టరు తయారు చేస్తాడు, లేదా తయారు చేయగలనని స్టాఫ్ రూములో చెప్పుకుంటాడు. నేను ముందు చెప్పేసుకున్నాను కాబట్టి చేయక తప్పలేదు.

ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, గిటారు శబ్దాన్ని బొంగురుగా, మందంగా మార్చే ఒక చిన్న పెడల్ సర్క్యూట్ బొమ్మ ప్రింటు తీయించాను. అందులో ఉన్నవి రెండు ట్రాన్సిస్టర్లు, గుప్పెడు రెసిస్టర్లు, రెండు నాబ్‌లు, కాలితో నొక్కే ఒక స్విచ్చి. సామాను కోఠీలో దొరికింది. ట్రాన్సిస్టర్లు మాత్రం పాతకాలం రకం కావాలి. వాటి కోసం ఇంట్లో మూలపడ్డ రేడియో విప్పాను. డబ్బాగా మా ఆవిడ అల్యూమినియం టిఫిన్ బాక్సు వాడాను. అడిగి తీసుకున్నానని ఇక్కడ రాస్తే ఆవిడ చదువుతుంది కాబట్టి రాయను.

మొదటిసారి నొక్కినప్పుడు ఏమీ రాలేదు. రెండోసారి పొగ వచ్చింది. బ్యాటరీ తలకిందులుగా తగిలించానని తేలింది. ప్లస్సుకీ మైనస్సుకీ తేడా ఏటా వందమంది పిల్లలకు నేర్పే మనిషిని నేను. మూడో వారంలో, ఒక శనివారం మధ్యాహ్నం, కాలు నొక్కగానే శబ్దం లేచింది. గంభీరమైన మగ గొంతు ఒకటి జలుబుతో పాడుతున్నట్టు వచ్చింది. అంత అందమైన శబ్దం నా చేతుల్లోంచి అంతకుముందు రాలేదు. మోకాళ్ళూని స్తోత్రం చెప్పాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "ఇప్పుడు నా బాక్సు ఇస్తారా?" అంది.

పోటీ రోజున తమ్ముడు తన పెట్టెలోని శబ్దాలన్నీ ఆ ఇరవై సెకన్లలోనే వినిపించాలని చూశాడు. హెలికాప్టర్ దిగింది, గంటలు మోగాయి, చివర్లో ఏదో మునిగింది. నేను ఉన్న ఒక్క శబ్దంతోనే నిదానంగా వాయించాను. టీచరమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇదే," అన్నారు.

సంఘ పెద్ద ఒకాయన మాత్రం లేచి నిలబడ్డాడు. "బొంగురుగా ఏవిటా గొంతు? ఆ సాతాను గొంతు ఇలాగే ఉంటుందేమో. ఆ డబ్బా లోపల ఏముందో ఎవరికి తెలుసు? దానికి ప్రార్థన చేయించారా?"

తమ్ముడి పెట్టెకు అంతకుముందే చేయించారు. అతను దాన్ని వచ్చిన ప్లాస్టిక్ కవరులోంచి తీయకుండానే వేదిక ముందు పెట్టాడు. కవరు మీద నూనె పడింది, ఇంటికెళ్ళి కవరు పారేశాడు. అప్పుడు నేను క్వయర్‌లో అందరికీ వినబడేలా, "విశ్వాసానికి కూడా రెయిన్‌కోటు తొడిగాడు," అని నవ్వాను. అందువల్ల నా వంతు వచ్చేసరికి నా విశ్వాసం బట్టబయలుగా ఉండాల్సి వచ్చింది.

లోపల ఏ రహస్యమూ లేదని ఆ పెద్దాయనకు చూపించాలనుకున్నాను. ఆదివారం పెడల్ అడుగు మూత నాలుగు మరలూ విప్పేసి, తీగలన్నీ కనబడేలా వెల్లకిలా వేదిక ముందు పెట్టాను. ఏ ఇతర మతస్థుడూ, ఏ నాస్తికుడూ, ఏ మెకానిక్కూ చేయని పని అది. అయ్యగారు దాన్ని చూసి కదిలిపోయారు.

"హృదయం తెరిచి పెట్టినట్టు పెట్టావు నాయనా," అన్నారు.

"లోపలికంటా తగలాలండి," అన్నాను నేను.

మామూలుగా ఒక్క బొట్టు రాసే మనిషి సీసా వంచారు. పరిశుద్ధ దేశం ఆలివ్ నూనె అని దాని మీద రాసి ఉంటుంది. నూనె ట్రాన్సిస్టర్ల మీదుగా జారి స్విచ్చిలోకి దిగింది. నేను కళ్ళు మూసుకుని ఆమేన్ అన్నాను. స్విచ్చి అంటే ఏమిటో తెలిసిన మనిషి ఆ చర్చి మొత్తంలో నేనొక్కణ్ణే.

నాలుగు రోజులు బాగానే పనిచేసింది. అయిదో రోజు నుంచి నొక్కినప్పుడల్లా చిటపటలాడేది. రెండో వారానికి ఒకసారి నొక్కితే మోగేది, ఇంకోసారి మోగేది కాదు. కన్వెన్షన్ మూడు రోజుల్లో ఉంది. మా వీధి చివర టీవీలు రిపేరు చేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్ళాను. మూత విప్పి, లోపలికి తొంగి చూసి, నా మొహం చూశాడు.

"ఏందన్నా గిది? ఇండ్ల బజ్జీలు గిట్ల ఏస్తున్నరా?"

"అది అభిషేక తైలం."

వేలితో తీసి వాసన చూశాడు. "పల్లి నూనె. మా ఇంట్ల సుత గిదే."

"కాదు. పరిశుద్ధ దేశం నుంచి వచ్చిన ఆలివ్ నూనె."

"గా దేశంల పల్లీలు పండుతయేమో నాకేం ఎరుక? నూనె జిడ్డు గట్టి స్విచ్చి పట్టేసింది. జెర స్పిరిట్ కొట్టి తుడుస్త. అయిదు నిమిషాల పని."

"తుడవొద్దు!" అన్నాను. "ప్రార్థన చేసిన నూనె అది."

ఆయన బ్రష్షు కింద పెట్టాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. "ప్రార్థన నూనెకు చేసిండ్రా అన్నా, డబ్బాకు చేసిండ్రా?"

సండే స్కూల్లో పదేళ్ళు, యువజన కూటాల్లో పదేళ్ళు వాక్యం నేర్చుకున్నాను. నేర్పాను కూడా. వాక్య పోటీల్లో గెలిచిన గ్లాసులు మా ఇంట్లో ఇప్పటికీ వాడకంలో ఉన్నాయి. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. దేవుడు నూనెలో ఉండడు. కానీ తుడిచినట్టు తమ్ముడికి తెలిస్తే? రెయిన్‌కోటు మాట తిరిగి నా మీదికే వస్తుంది. నేను దాన్ని విశ్వాసం అనుకున్నాను. మూత బిగించి, "పరేషాన్ కాకు, దేవుడు చూసుకుంటాడు," అని ఆయనకే ధైర్యం చెప్పి వచ్చేశాను.

కన్వెన్షన్ మొదటి సాయంత్రం. గ్రౌండు నిండింది. రెండో చరణం అయ్యింది, గొంతులన్నీ ఆగాయి. నేను పెడల్ నొక్కాను.

స్విచ్చి సగంలో ఇరుక్కుంది. శబ్దం పెడల్ లోపలికీ పోలేదు, పక్కదారిన బయటికీ పోలేదు. తీగల మీద వేళ్ళు ఆడుతున్నాయి, స్పీకర్లలోంచి ఏమీ రావట్లేదు. మళ్ళీ నొక్కాను. రాలేదు. కాలు ఎత్తి దభాలున తొక్కితే జనం చూస్తారు. అందుకని కళ్ళు మూసుకుని తల పైకెత్తాను. ఇరవై సెకన్లు అంత పెద్ద గ్రౌండులో పిల్లలు కూడా ఏడవలేదు.

అప్పుడు ముందు వరసలో ఒకావిడ చేతులెత్తి, "హల్లెలూయా!" అంది. వెనక వరస అందుకుంది. తర్వాత గ్రౌండంతా లేచి నిలబడింది. పల్లవి మళ్ళీ అందుకునేసరికి సగం మంది కళ్ళు తుడుచుకుంటున్నారు. అయ్యగారు మైకు తీసుకుని, "ఆ మౌనం ఎవరికోసమో నాకు తెలుసు!" అన్నారు. ఎవరికోసమో నాకూ తెలుసు. స్విచ్చి కోసం.

కూటం అయ్యాక టీచరమ్మగారు నా భుజం తట్టారు. "వాయించకుండా ఆపుకోవడం ఎంత గొప్ప సంగతి నాయనా! నాకు ముందు చెప్పలేదేం?"

"ఆ క్షణంలో ఆత్మ నడిపింపు వచ్చిందండి," అన్నాను. అలా అన్నానని రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావట్లేదు.

తర్వాతి ఆదివారం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో ఒక అమ్మాయి లేచింది. ఏడు నెలలుగా బెంచి మీద ఉన్న పిల్ల. "బ్రదర్ గిటారు ఆపిన ఆ నిశ్శబ్దంలో నాకు సమాధానం దొరికింది. సోమవారం నన్ను ప్రాజెక్టులోకి తీసుకున్నారు," అంది. చప్పట్లు. అందరూ పూలకుండీ వైపు తిరిగారు. నేను వినయంగా తల దించుకున్నాను.

ఆ వినయం రెండు వారాలు మోశాను. మూడో వారం అయ్యగారి ఇంటికెళ్ళి, స్విచ్చి సంగతీ, నా అబద్ధం సంగతీ మొత్తం చెప్పాను. ఆయన టీ కలిపి ఒక కప్పు నా ముందు పెట్టారు.

"ఆ పిల్లకు ఉద్యోగం నిలబడిందిగా?"

"నిలబడిందండి."

"ఇప్పుడు సంఘం ముందుకెళ్ళి, అది నూనె పని అంటావా?"

"నా పని అంటానండి. నూనెను తుడవనివ్వలేదు."

"నూనె తుడుచుకో నాయనా, ఎవరొద్దన్నారు? నా కళ్ళజోడు మీద పడితే నేను తుడుచుకోనా?" గొంతు తగ్గించారు. "పల్లి నూనె అన్న మాట మాత్రం బయట అనకు. ఆలివ్ సీసా ఎప్పుడో అయిపోయింది. మీ అమ్మగారు వంటింట్లోంచి నింపుతోంది." అమ్మగారంటే ఆయన భార్య. లోపల్నుంచి ఆవిడ గొంతు వినబడింది. "రోజుకి పది స్కూటర్లు తెస్తే ఆలివ్ ఎక్కణ్ణుంచి తేను?"

అదే రోజు పెడల్ ఆ టీవీ మెకానిక్కుకి ఇచ్చాను. నాలుగు నిమిషాలే పట్టింది. సంఘం ముందు చెబుదామనుకున్నది మాత్రం చెప్పలేదు.

మరుసటి ఏడాది అదే పాట, అదే గ్రౌండు. ప్రాక్టీసులో టీచరమ్మగారు బిట్టు దగ్గర పెన్సిలుతో "మౌనం" అని రాసి ఇచ్చారు. "పోయినేడాదిలాగే ఆపాలి. తల కూడా అలాగే పైకెత్తు." పూలకుండీ వెనక చోటు నాకు భద్రంగా ఉంది. అక్కడ నిలబడి ఏమీ వాయించకుండా ఉంటే చాలు, ఆ చోటు జన్మంతా నాదే.

రెండో చరణం అయ్యింది, గొంతులన్నీ ఆగాయి. జనం ముందుగానే కళ్ళు మూసుకున్నారు. కొందరు చేతులు సగం ఎత్తి సిద్ధంగా ఉన్నారు. నేను కాలు నొక్కాను. జలుబు చేసిన ఆ గంభీరమైన గొంతు గ్రౌండంతా పరుచుకుంది. ఒక్క స్వరం తప్పలేదు. మూసుకున్న కళ్ళు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఎత్తిన చేతులు దిగిపోయాయి. బిట్టు అయ్యాక వెనక గేటు దగ్గర ఎవరో ఒక్కడే చప్పట్లు కొట్టాడు. నేను పిలిస్తే వచ్చిన మెకానిక్కు.

కూటం అయ్యాక టీచరమ్మగారు కాగితాలు సర్దుకుంటూ నా వైపు చూడకుండా అన్నారు. "ఎంతో ఆశపడ్డాం నాయనా. పోయినేడాది ఆత్మ దిగింది. ఈసారి ఉత్త గిటారే వినబడింది. వచ్చే ఏడాదికి తమ్ముణ్ణి చూసుకోమంటాను."

తమ్ముడు అప్పటికే తన పెట్టెలో, నొక్కగానే శబ్దమంతా ఆగిపోయే మీట ఏదో టీచరమ్మగారికి చూపిస్తున్నాడు.