చెరుకు లేని ఫొటో

1964 డిసెంబర్ 8, మంగళవారం, పొద్దున పదింబావుకు తొమ్మిది మంది ఆడపిల్లలతో బోధన్ చెరుకు తోటల్లోకి దిగాను, పటం చదవడం నేర్పడానికి. ఒక్క పిల్ల తప్పిపోయినా నా ఉద్యోగం ఊడుతుందని హెడ్మిస్ట్రెస్ ముందే చెప్పింది. పటంతో పాటు దారి గుర్తుకని తెచ్చిన ఫొటోలో, మేం చేరాల్సిన చక్కెర ఫ్యాక్టరీ పొగ గొట్టం స్పష్టంగా ఉంది. కానీ అది చెరుకు నరికేశాక, వేసవిలో తీసింది. ఇప్పుడు తల పైకెత్తినా చెరుకే.

గంటన్నర తిరిగాక ఒక పిల్ల అంది: "టీచరమ్మా, గీ మోట బాయి మళ్ల వచ్చింది!"

పక్కనే చెరుకు నరుకుతున్న ఒక అవ్వ నా చేతిలోని పటం చూసి పకపకా నవ్వింది. "గా కాయితం సంచిల పెట్టు బిడ్డా. గా చెరుకు బండెనక పో. ఎడ్లకు ఫ్యాక్టరీ తొవ్వ ఎరుకే."

ఎడ్ల వెనకే బయటపడ్డాం. అప్పటినుంచి ఏ ఫొటో చూసినా, ముందు అది ఏ నెలలో తీశారని అడుగుతాను.

పిల్లలు తొమ్మిది మందీ దక్కారు. పోయినవి చెప్పులు మూడు, పటం ఒకటి. పటాన్ని ఎద్దు తిన్నది.