పీకించుకున్న పన్ను జివ్వుమన్న రాత్రి

ఇద్దరు చెబితే తప్ప వార్త రాయని విలేకరిని నేను. దీనికీ సాక్షులు ఇద్దరున్నారు... మా ఆవిడ, మా అమ్మాయి షాహిదా. జరిగింది జరిగినట్టే చెబుతున్నాను.

గుంతకల్లులో మా ఇల్లు. షాహిదా పళ్ల డాక్టరు చదువుతోంది. పంటిని పలచగా అరగదీసి, మైక్రోస్కోపు కింద పెట్టేందుకు తెల్లారేసరికి కాలేజీకి తీసుకుపోవాలి. లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. తెచ్చుకున్న పళ్లన్నీ అరగదీస్తుంటే చివర్లో పుటుక్కుమన్నాయి. మిగిలింది ఒక్కటే. మొన్న ఎండాకాలంలో నేను పీకించుకున్న దవడ పన్ను.

"నోట్లో ఉన్నన్నాళ్లూ మమ్మల్ని నిద్ర పోనీల్యా. ఇప్పుడన్నా పనికొస్తాదేమో చూడు," అంది మా ఆవిడ.

పంటి నుంచి కోసిన బిళ్లను తడి సానరాయి మీద వేలితో అదిమి రుద్దుతోంది షాహిదా. కర్ర్... కర్ర్... పేపరు మీద పెడితే బిళ్లలోంచి అక్షరాలు కనబడాలి. అంత పలచన కావాలి.

వీధిలో చప్పుడు లేదు. మంచం మీద కళ్లు మూసుకున్నాను.

జివ్వుమంది.

పన్ను లేని చోట... ఉత్త చిగురులో.

షాహిదా చెయ్యి ఆపింది. నొప్పి ఆగింది. మళ్లీ కర్ర్... మళ్లీ జివ్వు.

"ఆ చప్పుడుకు అట్లనిపిస్తాది నాయనా," అని నవ్వింది. అయినా రాయి తీసుకుని మిద్దె మీదికి పోయి తలుపేసుకుంది. ఇప్పుడు చప్పుడు వినబడదు. మా ఆవిడ మెట్ల మీద నిలబడింది. నాకు జివ్వుమన్నప్పుడల్లా నేను చెయ్యెత్తాను. "ఇప్పుడా?" అని ఆమె కేక. "ఇప్పుడే రుద్దినా!" అని పైనుంచి జవాబు.

ఒక్కసారీ తప్పలేదు.

షాహిదా కిందికొచ్చింది. ఈసారి నవ్వలేదు.

"యాడ ఆపల్లో నాకు తెలీల్యా నాయనా. నొప్పి మారితే చెప్పు."

కర్ర్... కర్ర్... నొప్పి సన్నబడింది. దారంలా... ఇంకా సన్నగా... ఆ దారం తెగబోతోంది...

"ఆపు!"

చెయ్యి తీసింది. బిళ్లను నీళ్లలో కడిగి, కుంచెతో ఎత్తి, ఆనాటి పేపరు మీద పరిచింది. అక్షరం అక్షరం కనబడింది. ఎక్కడా బీట లేదు.

"గెలిచినాం నాయనా!" ఆ కేకకు వీధి కుక్కలన్నీ లేచాయి. మా ఆవిడ అప్పటికప్పుడు పొయ్యి వెలిగించి సేమ్యా వండింది.

మర్నాడు స్టేషను దగ్గర టీ తాగుతున్నాను. వేడి టీ... చిగురులో మాత్రం ఏదో చల్లగా పాకింది. ఫోను మోగింది.

"ఇప్పుడే జిగురేసి అద్దాల మధ్యన అతికించినా నాయనా! సార్ చూస్తాండాడు. బ్రహ్మాండంగా ఉండాదంట!"

చల్లదనం సంగతి చెప్పలేదు. నాలుకతో ఆ ఖాళీని తడిమాను. ఏమీ లేదు. ఆ రాత్రి నొప్పి పుట్టింది నా నోట్లోనా, ఆ రాయి మీదనా... ఇప్పటికీ తెలియదు.

పన్ను మాత్రం పాసయింది.