సత్ప్రసాదం తిండి కిందికి వస్తుందా?

1986 ఫిబ్రవరి 3, సోమవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. పంజాగుట్టలోని ఒక చిన్న నర్సింగ్ హోంలో నేను ఆపరేషన్ థియేటర్ నర్సుని. ఆనాటి ఓటీ లిస్టులో, అంటే ఆపరేషన్ల వరుసలో, మొదటి పేరు ఫిలోమినా గారిది. గుంటూరు వైపు నుంచి వచ్చి అమీర్‌పేటలో స్థిరపడిన క్యాథలిక్ టీచరమ్మ. ఆదివారాలు వాళ్ల గుడిలో, అంటే చర్చిలో, పాట ఎత్తుకునేది ఆవిడే.

ఆవిడ మెడలో థైరాయిడ్ గ్రంథి ఎడమవైపు నిమ్మకాయంత ఉబ్బి గాలిగొట్టాన్ని నొక్కుతోంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు. ఆ సగాన్ని తీసెయ్యాలి. దాన్ని థైరాయిడెక్టమీ అంటారు. చిక్కేమిటంటే, గొంతును పలికించే నరాలు ఆ గ్రంథిని ఆనుకునే పోతాయి. మాది నేతపని చేసే ఇల్లు. మగ్గం మీద పోగు తెగితే మా అమ్మ చిటికెలో అతికేది. ఈ పోగు తెగితే అతుకు లేదు. బడిలో పాఠానికీ గుడిలో పాటకీ ఆవిడకు ఉన్నది ఆ గొంతే.

ఆవిడ ముందురోజే చేరారు. తెల్లవారి గుడికి వెళ్లొస్తానని సర్జన్ సలీం గారి అనుమతి ఫోన్లో తీసుకున్నారు. ఆ రోజు పునీత బ్లేజు, అంటే సెయింట్ బ్లేజు, పండగట. గొంతు జబ్బులున్నవాళ్లు ఆయనకు మొరపెట్టుకుంటారు. ఫాదర్ రెండు కొవ్వొత్తులను వెలిగించకుండా అడ్డంగా కట్టి, ఒక్కొక్కరి గొంతుకూ ఆనించి దీవిస్తారు. ఆ దీవెన తీసుకుని ఆవిడ తిరిగొచ్చారు. నేను అలవాటు ప్రకారం అడిగాను.

"రాత్రి పది తర్వాత ఏమన్నా తిన్నారా?"

"లేదండీ."

"నీళ్లు?"

"ఒక్క గుక్క. సత్ప్రసాదం నాలుక్కి అంటుకుపోతేనూ."

"మరి తినలేదంటిరి?"

"అది తిండేంటండీ! ప్రభువు శరీరం," అన్నారు, నన్ను వింతగా చూస్తూ.

ఆవిడ అబద్ధం ఆడలేదు. పూజలో ఫాదర్ నాలుక మీద పెట్టే పల్చటి అప్పం అది; ఆవిడ లెక్కలో అది తినడం కాదు. మా లెక్కలో నిల్ బై మౌత్ అంటే నోట్లోకి ఏదీ పోకూడదు. మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణానికే ముప్పు. మత్తు డాక్టరు విమల గారు ససేమిరా అన్నారు.

"అప్పడం ముక్కంతయినా ఆరు గంటలు ఆగాల్సిందే. లేకపోతే వచ్చే సోమవారం."

సలీం గారు మా దగ్గరికి వచ్చేది సోమవారాలే. వారం రోజులుగా కూర్చునే నిద్రపోతున్న ఫిలోమినా గారు నా మణికట్టు పట్టుకున్నారు.

"సిస్టర్ గారూ, సర్జన్ గారికి మీరొక్క మాట చెప్పండి."

"ఆయన బయటనే ఉన్నరు కదమ్మా. మీరే అడగండి."

"మీరు ఆపరేషన్లలో ఆయన పక్కన నిలబడే మనిషి. నా మాట వేరు, మీ మాట వేరు. పునీతుణ్ణి నేను అడిగేదీ ఇంతేనండీ."

దేవుడుండగా మధ్యలో ఈ పునీతులెందుకని నాకు చాలాకాలంగా ఒక అనుమానం ఉండేది. అది అప్పుడు తేల్చుకునే వ్యవధి లేదు. వెళ్లి చెప్పాను.

సలీం గారు నవ్వారు. "ఏం సిస్టర్, సిఫారసు పట్టుకొచ్చినవా?"

"లిస్టుల ఆఖరుకు వెయ్యండి సార్. పండుకుంటే ఊపిరాడక కూసోనే నిద్రపోతున్నదట."

"మధ్యాహ్నం బేగంపేటల పనుండె నాకు. సరే, పోనీ. విమలమ్మా, ఒంటిగంటకు ఓకేనా?"

"ఓకే. అందాకా ఆ కొవ్వొత్తులు కూడా మింగకుండా సిస్టర్‌నే కాపలా పెట్టండి," అన్నారు విమల గారు.

ఒంటిగంటకు మొదలుపెట్టారు. గడ్డ మొత్తంగా వచ్చింది. మత్తు దిగుతుండగా సలీం గారు వంగి, "పేరు చెప్పమ్మా," అన్నారు. మేమంతా ఆవిడ పెదాల వైపే చూస్తున్నాం. "ఫిలోమినా." బొంగురుగా ఉన్నా, మాట మాటే. విమల గారు మాస్కు కిందికి లాక్కుని, "బతికించావు తల్లీ," అన్నారు.

మే నెలలో చూపించుకోవడానికి వచ్చారు. వెల్లకిలా హాయిగా నిద్ర పడుతోంది. పాఠానికి ఇబ్బంది లేదు. కానీ పాటలో పైకి వెళ్లబోతే గొంతు లేవడం లేదు. గ్రంథి పైకొసన రక్తనాళాలు కట్టేటప్పుడు పక్కనున్న సన్న నరం దెబ్బతిని ఉంటుందని సలీం గారే చెప్పారు. "అది నా చేతి పొరపాటే అమ్మా," అన్నారు. గుడిలో పాట ఇప్పుడు వేరే అమ్మాయి ఎత్తుకుంటోందట.

వరండాలో ఆవిడను ఆపి అడిగాను. ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే.

"మరి ఆ పునీతుడు మీ మాట విన్నట్టా, విననట్టా?"

"ఆ రోజు మీరు నా కోసం అడిగారా లేదా?"

"అడిగిన."

"అడిగినా కొంత పోయింది. మీ మీద నాకు కోపం ఉందా?"

"లేదు."

"మరి ఆయన మీద ఎందుకుంటుందండీ?" అని గొడుగు విప్పుకుని ఎండలోకి వెళ్లిపోయారు.

ఆ జవాబు సరైనదో కాదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. మారింది నా ప్రశ్న. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ "ఏమన్నా తిన్నారా" అని ఊరుకోలేదు. "గుడి నుంచిగానీ దర్గా నుంచిగానీ వచ్చినది నోట్లో వేసుకున్నారా?" అని కూడా అడిగాను. బల్కంపేట ఎల్లమ్మ తీర్థం, మక్కా నుంచి తెచ్చిన జంజం నీళ్లు, సత్ప్రసాదం అన్నీ బయటికొచ్చాయి. వాటిని తిండి కింద జమకట్టినవాళ్లు ఒక్కరూ కనబడలేదు.

ఆ కేసులో పోయినవి: గ్రంథిలో ఎడమ సగం, సలీం గారికి ఒక మధ్యాహ్నం, ఫిలోమినా గారికి పాటలో పై స్థాయి.