వదిలెయ్

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను అతుకులక్క అనేవారు. బట్టలకు అతుకులు వేస్తుందని కాదు లెండి. పై అంతస్తులో డిజైన్ వాళ్ళు కంప్యూటర్లో గీసిన బొమ్మ, కింద షెడ్డులో ఇనుము కోసే మిషన్‌కు ఓ పట్టాన అర్థమై చచ్చేది కాదు. రెండు సాఫ్ట్‌వేర్లూ పడని తోడికోడళ్ళే. పెళ్ళికి ముందు నుంచీ వాటి మధ్య రాయబారం నడిపి విసిగిపోయిన మనిషి, చివరికి బొమ్మ దానంతటదే మిషన్‌కు చేరే ఏర్పాటు చేసింది. ఆ రోజు ఆమె సంబరం చెప్పనలవి కాదు.

ఆ పనిలో ఒక్కచోటే అనుమానం వచ్చింది. బొమ్మల్లో కొన్ని భాగాలు కంటికి కనిపించకుండా దాచి ఉన్నాయి. డిజైన్ గదిలో పెద్దాయన్ని అడిగింది.

"దాచినవాటిని ఏం చెయ్యమంటారు బాబాయ్?"

"వాటినా? వదిలెయ్యమ్మా," అన్నాడాయన తలెత్తకుండా.

సరేనని వదిలేసింది.

కొత్త పద్ధతిలో తయారైన మొదటి సరుకు, షెడ్డులో క్రేన్ కొక్కేన్ని పట్టి ఉంచే పిన్ను. ఆ క్రేన్ నడిపేది ఆమె మొగుడే.

"నీ పిన్ను బిగించారే. బరువెత్తినప్పుడల్లా టక్కుమంటోంది," అన్నాడు పొద్దున బూట్లు తొడుక్కుంటూ.

"కొత్తది కదా, సర్దుకుంటుందిలే."

"సర్దుకోవడం నాకు అలవాటేగా," అని నవ్వి వెళ్ళాడు. ఆమె మాత్రం ఆ చప్పుడు సంగతి తేల్చుకోకుండా ఉండలేకపోయింది. ఆఫీసుకు రాగానే తిన్నగా డిజైన్ గదికి నడిచి, ఆ పిన్ను బొమ్మ చూపించమంది.

పెద్దాయన తెరిచి, దాచినవి కనిపించేలా ఓ మీట నొక్కాడు. పిన్ను లావు తగ్గే చోట, పదునుగా ఉన్న మూల నున్నగా గుండ్రం తిరిగింది.

"ఇదెక్కడిది?"

"మొదట్నుంచీ ఉందిగా! అది లేకపోతే బరువుకి అక్కడే పగులుతుంది. కంప్యూటర్లో బొమ్మ తేలిగ్గా కదలాలని దాచానంతే."

"దాచినవి వదిలెయ్యమన్నారు కదా బాబాయ్!"

"అవును. ముట్టుకోకుండా అలాగే వదిలెయ్యమన్నాను."

"అయ్యో, నేను తీసేశాను..."

ఆయన కుర్చీలోంచి లేచేసరికే ఆమె మెట్ల మీద ఉంది. ఫోన్ చేద్దామంటే, క్రేన్ దగ్గర ఫోన్లు పట్టనివ్వరు. 'వదిలెయ్' అన్న దిక్కుమాలిన మాట, ఇన్నాళ్ళూ ఎంత తేలిగ్గా వాడింది!

షెడ్డులో మిషన్లు హోరుమంటున్నాయి. ఇనుప దిమ్మ గాల్లో వేలాడుతోంది. అతను మీటల పెట్టె ఒక చేత్తో పట్టుకుని, దిమ్మ ఊగకుండా రెండో చేత్తో ఆపుతూ, ఒంటికి తగిలేంత దగ్గర్లో నిలబడి ఉన్నాడు.

"వదిలెయ్! అదక్కడ వదిలేసి పరిగెత్తుకు రా!" అని గొంతు చించుకుని అరిచింది.

ఆ హోరులో అతనికి మొదటి మాటొక్కటే అందింది. క్రేన్ వాళ్ళకు వదలడమంటే దించడమే. పెళ్ళాం షెడ్డులోకి వచ్చినందుకు మురిసిపోతూ తలూపి, దించే మీట నొక్కాడు.

ఈసారి టక్కుమన్న చప్పుడు ఆమెకూ వినిపించింది.