గుడి కట్టి పోగొట్టుకున్న జాగ

మట్టెవాడలో కిరాయికున్నన్నాళ్లు మా ఇంట్లో ఏ కార్యమైనా గల్లీలోనే, వచ్చేపోయే బండ్లకు దారిస్తూ చేసుకున్నాం. అందుకే వరంగల్ బయట ఓ చిన్న మున్సిపాలిటీలో ప్లాటు చూసినప్పుడు, నా కన్ను ముందు దాని పక్కనే ఉన్న ఖాళీ జాగ మీద పడింది. అది పార్కు కోసం వదిలింది, కాలనీ అందరిదీ అన్నారు. కొనేశాం, ఇల్లు కట్టుకున్నాం. మా బిడ్డ చీరల ఫంక్షన్‌కు టెంట్ వేసింది అక్కడే. మా మామ పోతే పదకొండో రోజు భోజనాలు పెట్టిందీ అక్కడే. బతుకమ్మ వచ్చిందంటే కాలనీ ఆడవాళ్లమంతా ఆ జాగలోనే ఉండేవాళ్లం.

తర్వాత ఆ జాగ వెనక ఓ అపార్ట్‌మెంట్ లేచింది. దానికి సరైన దారి లేదు. మా జాగలోంచి అయితే మెయిన్ రోడ్డుకు సూటిగా పోవచ్చు. వాళ్ల చూపు దాని మీదుందని చెవిన పడగానే మా కౌన్సిలర్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన మా వెనక లైన్లోనే ఉంటాడు. నన్ను అక్కా అంటాడు, ఏటా నాతో రాఖీ కట్టించుకుంటాడు. ఎలక్షన్లప్పుడు ఆయన కోసం నేను ఎక్కని గడప లేదు.

"నువ్వేం ఫికర్ చెయ్యకక్కా. అక్కడ చిన్న పోచమ్మ గుడి కట్టుండ్రి. అమ్మవారుంటే ఎవడు ముట్టుకుంటడు?" అన్నాడు.

మా పక్కింటి వదినకు ఇది నచ్చలేదు. "చెట్లు పెడదాం, బెంచీలు ఏపిద్దాం. పార్కంటే పార్కులెక్క ఉండాలె గదా" అంది.

"చెట్లయితే రాత్రికి రాత్రే నరికి పారేస్తరు వదినా. మా తమ్ముడు ఊకె చెప్పడు" అన్నాను. ఇల్లిల్లూ తిరిగి అందర్నీ ఒప్పించాను. ఒకరు ఇటుకలిచ్చారు, ఒకరు ఇసుక పోయించారు. మొదటిసారి బోనాలెత్తిన రోజు కొబ్బరికాయ ఆయనే కొట్టాడు.

కొన్నాళ్లకు సంగతి కౌన్సిల్ మీటింగుకొచ్చింది. పార్కుగా వాడకంలో లేని ఖాళీ జాగలను, డెవలప్‌మెంట్ ఫీజు కట్టించుకుని దారులకు ఇవ్వొచ్చా, వద్దా అని. మీటింగు చూడటానికి మాకు పాసులిప్పించింది కూడా ఆయనే. వదినా, నేనూ, ఇంకో నలుగురం మంచి చీరలు కట్టుకుని మరీ పోయాం.

వేరే వార్డు పెద్దాయన ఒకరు లేచి, ఫీజు ఏడాదిలో ఖర్చయిపోతుంది, జాగ మాత్రం మళ్లీ రాదు అన్నారు. నేను చప్పట్లు కొట్టబోయాను. అంతలో మా తమ్ముడు లేచాడు. ఇక్కణ్ణుంచి వాణ్ణి వాడనే అంటాను.

"అధ్యక్షా, మా కాలనీల పార్కు ఎక్కడిది? జనమే గుడి కట్టుకున్నరు. గుడి లేసినంక అది పార్కెట్లయితది? గుడి జోలికి పోవద్దు, పక్కపొంటి దారి ఇద్దాం. ఆ ఫీజుతోటి మురికి మోరీలన్న బాగైతయి." అంతటితో ఊరుకున్నా బాగుండేది. మావైపు తిరిగి నవ్వుతూ చెయ్యి చూపించాడు. "ముందు పడి కట్టించింది మా అక్కనే. అగో, అక్కడ కూసున్నది. అడుగుండ్రి."

హాలంతా నన్నే చూసింది. నేను లేచి నిలబడ్డాను.

"నువ్వు చెప్తేనే గదరా కట్టినం!" అని అరిచాను. చైర్మన్ బెల్లు కొట్టాడు. అటెండర్ వచ్చి నన్ను కూర్చోబెట్టాడు. కౌన్సిలర్లు చేతులెత్తారు. వాడూ ఎత్తాడు. మా జాగ దారికిచ్చేశారు.

బయట మెట్ల దగ్గర వాడే ఎదురొచ్చాడు. ఏమీ జరగనట్టు దగ్గరికొచ్చి, "కోపం పెట్టుకోకక్కా. ఆ దారి పడితే మీ ఇల్లు కార్నర్ బిట్టయితది. రేటెంత పెరుగుతదో ఎరుకేనా?" అన్నాడు. గుసగుసగా చెప్పినట్టే ఉంది గాని, నా వెనకున్న ఐదుగురికీ వినబడేటట్టే చెప్పాడు.

మా ఇల్లు కార్నర్ అవుతుందన్న ఆలోచనే నాకు అంతవరకు రాలేదు. వాడి చొక్కా పట్టుకుందామనుకున్నాను. అంతలోనే వాడు బండెక్కి పోయాడు.

వదిన నా ముఖంలోకి చూసింది. "అందుకేనా, చెట్లు వద్దన్నవ్?" అని మెల్లగా అడిగింది.

"నా బిడ్డ మీద ఒట్టు వదినా, నాకేం తెల్వదు" అన్నాను.

ఆమె నమ్మలేదు. ఆమె స్థానంలో నేనున్నా నమ్మేదాన్ని కాదు.