మూతి కిందికి బిగించిన కాయిల్

దావీదుకు మోకాలి కింద కాలు తీసేశారని ఫోన్ వచ్చిన మూడు వారాలకు బయలుదేరాను. అంతకుముందే పోవలసింది. ధైర్యం చాలలేదు. దావీదు నా పాత దోస్తు, జల్‌పల్లిలో ఆకుకూరలు పండిస్తాడు. శంషాబాద్ దగ్గర హైవే మీద అతని పాత పెట్రోల్ జీపు ఆగిపోయింది. దిగి నెడుతుంటే వెనక నుంచి లారీ గుద్దింది. నేను మెకానిక్‌ను. ఆ జీపుకు, ఇంజిన్‌కు నిప్పురవ్వ అందించే ఇగ్నిషన్ కాయిల్ బిగించింది నేనే.

ఉదయం ఆరూ ఇరవైకి జడ్చర్లలో బస్సెక్కాను. షాద్‌నగర్‌లో ఎక్కిన ఒకామె పక్కన కూర్చుంది. ఎయిర్‌పోర్టులో ఊడ్చే పనట.

"ఊరికి పోతున్నవా అన్నా?"

"దోస్తును చూడనీకి. దెబ్బ తగిలింది."

"బండి మీదనా?" అంది. నేను కిటికీ వైపు తిరిగాను.

ఏడూ యాభైకి శంషాబాద్‌లో దిగాను. స్టాండు పక్కన బండి మీద ఇడ్లీ తీసుకున్నాను, సగం వదిలేశాను. షేర్ ఆటోలో గగన్‌పహాడ్ చేరేసరికి ఎనిమిదిన్నర. వెనక భాగం నుజ్జయిన జీపు అక్కడ ఖాజా అనే మెకానిక్ షెడ్డులో ఉంది. ముందు భాగం బాగానే ఉంది. ఆయనే బానెట్ లేపాడు. కాయిల్ కింద ఇనుము మీద నల్లటి నూనె చార ఉంది.

"గిది చూడు. వైరు బిగించే మూతి కిందికి పెట్టిండ్రు. దీంట్ల నూనె ఉంటది గదా, మూతి కాడికెళ్లి కారింది. నూనె తగ్గితే పైన గాలి చేరుతది, ఆడ లోపలి తీగెలు ఉడుకుతయి. బండి వేడెక్కంగనే నిప్పురవ్వ బందయితది. చల్లారితే మల్ల నడుస్తది. ఎవడు పెట్టిండో."

"నేనే."

ఆయన చేతులు గుడ్డతో తుడుచుకుని, బానెట్ మెల్లగా దించాడు.

జల్‌పల్లికి ఆటో మాట్లాడుకున్నాను. పదిన్నరకు దావీదు ఇంటి ముందు దిగితే అతని భార్య ఎస్తేరు ఎదురొచ్చింది. "రా అన్నా, పొద్దుగాల నుంచి నిన్నే అడుగుతున్నడు" అంది. ఆ మాటకు చెప్పులు విప్పడం కూడా కష్టమైంది.

దావీదు మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. దుప్పటి ఒక పక్క చదునుగా ఉంది. నేను కూర్చోకుండానే చెప్పేశాను. కాయిల్ నుంచి వచ్చే మందపు వైరు పొట్టిదైంది, కాయిల్‌ను తలకిందులు చేస్తే సరిపోయింది, కొత్త వైరు తెచ్చి సరిచేద్దామనుకున్నాను, మర్చిపోయాను.

ఎస్తేరు అడిగింది. "గట్ల పెట్టొద్దని ఎర్కనేనా నీకు?"

"ఎర్కనే."

ఆమె లోపలికి పోయింది, మళ్లీ బయటికి రాలేదు.

దావీదు దుప్పటి పైకి లాక్కున్నాడు. "ఆ దినం అంతకుముందే రెండుసార్లు ఆగింది. నీకు ఫోన్ చేద్దామనుకున్న. నీ పని మీద నమ్మకంతోని చెయ్యలే" అన్నాడు. తర్వాత, "ఇగ పో నర్సింహా. మల్ల రా. ఈ నెల మాత్రం రాకు" అన్నాడు.

పన్నెండున్నరకు శంషాబాద్‌లో తిరుగు బస్సు దొరికింది. పాత జీపులున్నవాళ్లు ఇది చదివితే ఒకసారి బానెట్ లేపి చూసుకోండి. నూనె కాయిల్ మూతి పైకే ఉండాలి. వైరు చాలకపోతే బండిని ఆపి పెట్టండి.

కొత్తూరు దాటాక గుర్తొచ్చింది. మా పక్క ఊరి బుచ్చయ్య జీపుకూ నేను అట్లాగే బిగించాను. ఫోన్ చేశాను. ఎత్తలేదు. జడ్చర్ల వచ్చేదాకా చేస్తూనే ఉన్నాను.

దిగి ఇంటికి పోలేదు. పొడుగు వైరు ఒకటి కొని ఆటోలో వాళ్ల ఊరికి పోయాను. జీపు వాకిట్లోనే ఉంది. బుచ్చయ్య చేతిలో తాళంచెవి ఉంది, పిల్లలు అప్పటికే ఎక్కి కూర్చున్నారు.

"అందర్నీ దింపు బాపు" అన్నాను. ఆయన ఒక్కొక్కరినే దింపుతుంటే నేను బానెట్ లేపాను.